చికిత్స అయిపోయాక వచ్చే భయం: మాటా, మందా, మరో స్కానా?

చివరి కీమో పూర్తయిన రోజున ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మొక్కు ఉన్నవారు తిరుపతికో యాదగిరిగుట్టకో బయలుదేరుతారు. జబ్బుపడి లేచిన మనిషికి మాత్రం సరిగ్గా అప్పుడే గుబులు మొదలవడం చాలా మామూలు. చికిత్స నడిచినన్నాళ్లూ రక్తపరీక్ష ఎప్పుడు, సెలైన్ ఎప్పుడు, రేడియేషన్‌కు ఎన్నింటికి రావాలి అన్నది ఎవరో ఒకరు చెప్పేవారు. డాక్టరో నర్సో తరచూ కంటికి కనబడేవారు. ఇప్పుడు “మూడు నెలల తర్వాత రండి” అంటారు. ఆ మూడు నెలలూ ఒంటికి కాపలా కాయాల్సింది మనమే. నడుము పట్టేసినా, దగ్గు నాలుగు రోజులు తగ్గకపోయినా “మళ్లీ వచ్చిందేమో” అన్న అనుమానం పీకుతూనే ఉంటుంది.

దీనికి సలహాలకు కొదవ లేదు. యోగా చేయమని ఒకరంటారు, రాత్రి ఒక మాత్ర వేసుకుని పడుకోమని ఇంకొకరంటారు, ఒకసారి ఒళ్లంతా స్కాన్ చేయించేసుకుంటే పీడ పోతుంది కదా అని మరొకరు. ఇవన్నీ చేసే పని ఒకటి కాదు. కొన్ని ఈ రాత్రికి ఊరట ఇస్తాయి. కొన్నింటి ఫలితం రెండు మూడు నెలలకు గాని తెలియదు. పైగా తక్షణం ఊరట ఇచ్చేవాటిలో చాలావాటికి ఒక పాడు గుణం ఉంది: వాడేకొద్దీ ఇంకా కావాలనిపిస్తాయి. దారి ఎంచుకునేటప్పుడు ధర కంటే, పేరు కంటే ముందు ఈ తేడా చూడమంటాను. ఉదాహరణలు ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ నుంచే తీసుకుంటున్నాను. చికిత్స ముగించి ఏళ్ల తరబడి ఫాలోఅప్‌లో ఉండేవారిలో వీరు చాలామంది, ఈ భయం మీద పరిశోధనలు కూడా వీరితోనే ఎక్కువగా జరిగాయి.

ముందు ఒంటి సంగతి

మనసు మీదికి నెట్టేసే ముందు ఒంటిని ఒకసారి చూడాలి. ఆందోళనలా కనిపించేవన్నీ ఆందోళన కాకపోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారికి కొన్నిసార్లు థైరాక్సిన్ అనే హార్మోన్ మాత్రను కావాలనే కాస్త ఎక్కువ మోతాదులో ఇస్తారు. దానివల్ల గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి రావచ్చు. మెడకు రేడియేషన్ తీసుకున్నవారికి ఏళ్ల తర్వాత థైరాయిడ్ మందగించవచ్చు. డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు, ఆపుతున్నప్పుడు చిరాకు, నిద్ర పట్టకపోవడం మామూలే. కీమో వల్ల ముట్లు ఆగిపోయినవారికి, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వాడేవారికి అర్ధరాత్రి ఒంట్లో ఆవిర్లు లేచి, చెమటలు పట్టి మెలకువ వస్తుంది. దాన్ని భయం వల్ల వచ్చిన దడ అనుకునేవారు చాలామంది. రక్తహీనత ఉన్నా నాలుగు మెట్లెక్కితే గుండె కొట్టుకుంటుంది. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవారికి కొత్తగా దడ, ఆయాసం మొదలైతే “టెన్షన్ లెండి” అని సరిపెట్టుకోకుండా గుండె పరీక్ష చేయించుకోవాలి.

ఫాలోఅప్‌లో అడగాల్సింది చిన్న ప్రశ్న: “ఈ దడకు మందులు గాని, థైరాయిడ్ గాని, రక్తం తక్కువ కావడం గాని కారణమా?” దానికి జవాబు వచ్చాకే మిగతా ఎంపికల గురించి ఆలోచించడం మేలు.

ఎంత భయం, ఎప్పుడు భయం

భయాన్ని కొలిచే సాధనాల్లో తేలికైనది జీఏడీ-7. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 21. ఐదు నుంచి స్వల్పం, పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి తీవ్రం. పది లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా మానసిక నిపుణులను కలవడం మంచిదని గుర్తు. జబ్బు నిర్ధారించేది ఈ మార్కులు కాదు, డాక్టరే. అయినా నెలనెలా రాసుకుంటే ఎంచుకున్న దారి పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి అంతకంటే నమ్మకమైన లెక్క ఉండదు. “కొంచెం నయంగా ఉన్నట్టుంది” అన్న మాటను నేను పెద్దగా నమ్మను.

మార్కులతో పాటు భయం ఎప్పుడు వస్తోందన్నదీ చూసుకోవాలి. స్కానింగ్‌కు పది రోజుల ముందు మొదలై, రిపోర్టు చేతికొచ్చాక తగ్గిపోయే భయం ఒకటి. రోజంతా లోలోపల సాగుతూ, వంట చేస్తున్నా, పిల్లలతో మాట్లాడుతున్నా వదలని భయం ఇంకొకటి. ఉన్నట్టుండి ఊపిరాడనట్టు, ప్రాణం పోతున్నట్టు అనిపించి కాసేపటికి తగ్గిపోయేది మూడోది. నాలుగోది పైకి భయంలా కనబడదు: ఆ ఆసుపత్రి ఉన్న రోడ్డు మీదుగానే వెళ్లకపోవడం, ఫాలోఅప్ తేదీ వాయిదా వేయడం, రిపోర్టు కవరు విప్పకపోవడం. ఎక్కువ హాని చేసేది ఇదే. అయినా ఎవరికీ అనుమానం రాదు. “ఆమె ధైర్యంగానే ఉంది, ఆసుపత్రి ఊసే ఎత్తడం లేదు” అని ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు కూడా.

మరో స్కాన్ అనే ఆశ

భయం వేసినప్పుడు డబ్బున్నవారు మొదట పరుగెత్తేది పెట్ స్కాన్‌కో రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే ట్యూమర్ మార్కర్ పరీక్షకో. ప్రైవేటు ల్యాబులో చీటీ లేకుండానే కొన్ని పరీక్షలు చేసేస్తారు కాబట్టి అడ్డూ ఉండదు. లక్షణాలేవీ లేనప్పుడు ఇది చెడ్డ ఎంపిక అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది పైకి జాగ్రత్తలా కనిపిస్తుంది.

తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన స్త్రీల మీద ఇటలీలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు 1994లో వెలువడ్డాయి. కొందరికి మామూలు పరీక్షలతో ఫాలోఅప్ చేశారు. మిగతావారికి అదనంగా ఎముకల స్కాన్, ఛాతీ ఎక్స్‌రే వంటివి క్రమం తప్పకుండా చేశారు. ఎక్కువ పరీక్షలు చేయించుకున్నవారు ఎక్కువ కాలం బతకలేదు. ఒక అధ్యయనంలో జీవన నాణ్యతను కూడా పోల్చి చూశారు. అందులోనూ మేలేమీ తేలలేదు. అండాశయ క్యాన్సర్‌లో సీఏ-125 అనే ట్యూమర్ మార్కర్ పెరగగానే, లక్షణాలు రాకముందే మళ్లీ కీమో మొదలుపెడితే లాభమా అని ఐరోపాలో పరీక్షించి 2010లో ప్రకటించారు. ముందుగా మొదలుపెట్టినవారి ఆయుష్షేమీ పెరగలేదు.

అందుకే తొలి దశ రొమ్ము క్యాన్సర్ తర్వాత, లక్షణాలేవీ లేకపోతే, సాధారణంగా చెప్పే ఫాలోఅప్ ఇది: మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చూడడం, తర్వాతి రెండేళ్లు ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి, దానితో పాటు ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). డాక్టరు పెట్ స్కాన్ రాయలేదంటే నిర్లక్ష్యం చేశారని కాదు. మిగతా క్యాన్సర్లలో పద్ధతి వేరు. పెద్దపేగు క్యాన్సర్ తర్వాత సీఈఏ అనే ట్యూమర్ మార్కర్ పరీక్ష, సీటీ స్కాన్ ఫాలోఅప్‌లో భాగమే. కాబట్టి పక్కింటివారి పట్టిక మనకు వర్తించదు.

మనసు వైపు నుంచి చూస్తే అదనపు స్కాన్ చేసే చెడుపు మరోరకం. రిపోర్టు బాగుంటే కొన్ని రోజులు హాయిగా నిద్ర పడుతుంది, తర్వాత మళ్లీ అనుమానం. ఈసారి ఆ హాయి ఇంకా తొందరగా ఆవిరవుతుంది. బాగుండకపోతే, అంటే ఊపిరితిత్తిలో నాలుగు మిల్లీమీటర్ల మచ్చ అని వస్తే, అది పాత టీబీ గుర్తో మరొకటో తేలేదాకా నెలల తరబడి నరకం. రోజుకు పదిసార్లు రొమ్మునూ చంకనూ తడిమి చూసుకోవడమూ ఇలాంటిదే. నొక్కీ నొక్కీ అక్కడే నొప్పి పుడుతుంది, ఆ నొప్పి చూసి మళ్లీ భయం. “నా ముఖం పాలిపోయిందా? సన్నబడ్డానా?” అని భర్తనో కూతురినో పదే పదే అడగడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

దీనికి బదులు డాక్టరుతో ముందే ఒక ఒప్పందం చేసుకోవడం మంచిది. తడిమి చూసుకోవడం నెలకోసారి, ఒక నిర్ణీత తేదీన. కొత్త నొప్పి గాని, దగ్గు గాని వస్తే తేదీ రాసుకుని, రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా రోజురోజుకూ ఎక్కువవుతుంటే ఆసుపత్రికి ఫోన్. కొత్త గడ్డ, రక్తస్రావం, ఆయాసం, ఫిట్స్, కాళ్లలో బలం తగ్గడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం వంటివైతే రెండు వారాలు కాదు, ఆ రోజే వెళ్లాలి. ఈ గీత డాక్టరు నోటి నుంచి రావాలి. మనమే గీసుకుంటే భయం వేసినప్పుడల్లా జరిపేస్తాం.

మాటతో వైద్యం, మందుతో వైద్యం

చాలామంది తికమకపడేది ఇక్కడే. సైకియాట్రిస్టు మందు రాయగల వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు, మందు రాయరు. మాటల చికిత్స అంటే ధైర్యం చెప్పడం కాదు. ఆ పని చేయడానికి మేనత్తలు చాలు.

సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అనే పద్ధతిలో జరిగేది ఇలా ఉంటుంది. “నడుము నొప్పి వచ్చింది, అంటే ఎముకలకు పాకింది” అన్న ఆలోచనను కాగితం మీద పెట్టిస్తారు. నిన్న ఏం మోశారు, ఈ నొప్పి జబ్బుకు ముందు ఎప్పుడైనా వచ్చిందా, వచ్చి ఎలా తగ్గింది అని అడుగుతూ ఆ నొప్పికీ క్యాన్సర్‌కూ మధ్య ముడి ఎంత వదులుగా ఉందో మీరే చూసేలా చేస్తారు. రోజంతా సాగే చింతకు సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు కేటాయించి, మిగతా వేళల్లో వచ్చినదాన్ని ఆ వేళకు వాయిదా వేయడం నేర్పిస్తారు. తడిమి చూసుకోవడాన్ని పది నుంచి ఐదుకు, ఐదు నుంచి రెండుకు తగ్గిస్తూ ఏం జరుగుతుందో గమనించమంటారు. ఇంటికి పని ఇస్తారు. ఆ పని చేయకపోతే ఫలితం అంతంత మాత్రమే.

క్యాన్సర్ తిరగబెడుతుందన్న భయానికే ప్రత్యేకంగా తయారుచేసిన పద్ధతులూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో కాంకర్‌ఫియర్ పేరుతో ఐదు విడతల చికిత్సను రూపొందించి, ఒళ్లు సడలించుకునే శిక్షణతో పోల్చి చూశారు. ఫలితాలు 2017లో వచ్చాయి. రెండు వైపులా భయం తగ్గింది కాని, కాంకర్‌ఫియర్ పొందినవారిలో ఎక్కువ తగ్గింది, ఆరు నెలల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. అందులో “భయపడకండి” అని ఎవరూ చెప్పరు. ధ్యాసను ఎటు కావాలంటే అటు మళ్లించడం, వచ్చిన ఆలోచనతో వాదించకుండా దాన్ని పోనివ్వడం, ఒంటిని ఎంతమేరకు గమనించాలో హద్దు పెట్టుకోవడం, బతుకులో తనకు ముఖ్యమైనవేవో తేల్చుకుని వాటివైపు అడుగు వేయడం నేర్పుతారు. అదే పేరుతో ఇక్కడ దొరకకపోవచ్చు. మీరు కలిసే సైకాలజిస్టును “తిరగబెడుతుందన్న భయం మీద పనిచేస్తారా?” అని అడిగితే చాలు.

మందుల విషయానికొస్తే, అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2023లో సవరించిన మార్గదర్శకాలు చికిత్స ముగించినవారి ఆందోళనకు మాటల చికిత్సనే ముందు పెట్టాయి. అది అందుబాటులో లేనివారికి, దానితో తగ్గనివారికి, మందే కావాలనుకునేవారికి, గతంలో మందు బాగా పనిచేసినవారికి మందు అన్నాయి. మన జిల్లాల్లో ఆ “అందుబాటులో లేనివారు” అన్న మాట చాలామందిని కలుపుకొంటుంది. మంచి సైకాలజిస్టు కోసం నెలకు నాలుగుసార్లు శ్రీకాకుళం నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో వెళ్లడం అయ్యే పని కాదు. భయం తీవ్రంగా ఉండి తిండీ నిద్రా పోయినవారు కాగితం మీద ఆలోచనలు రాసే స్థితిలోనూ ఉండరు. అలాంటివారు మందుతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. కాస్త కుదుటపడ్డాక మాటల చికిత్స కలుపుకోవచ్చు.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజుల్లో వికారం, కొందరికి కంగారు పెరగడం ఉంటుంది. “మందు పడలేదు” అని చాలామంది ఆపేసేది సరిగ్గా అప్పుడే. ఇవి నిద్రమాత్రల్లా అలవాటుపడే రకం కావు. అయినా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి కాబట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

టామాక్సిఫెన్ వాడేవారు మాత్రం ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. ఆ మందు కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ సాయంతో ఎండాక్సిఫెన్‌గా మారి పనిచేస్తుంది. మనసు మందుల్లో పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్, బుప్రోపియాన్ ఆ ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. అందుకని టామాక్సిఫెన్‌తో వీటిని వాడకుండా వేరే మందు చూస్తారు. అలాంటిదే అయిన వెన్లాఫాక్సిన్‌కు ఆ ఇబ్బంది దాదాపు లేదు, పైగా ఒంట్లో లేచే ఆవిర్లను కూడా తగ్గిస్తుంది. ఒకే మందుతో రెండు బాధలకు విరుగుడు కాబట్టి ఆవిర్లతో నిద్ర చెడేవారికి డాక్టరుతో మాట్లాడదగ్గ ఎంపిక ఇది. బీపీ మాత్రం చూసుకుంటూ ఉండాలి. టామాక్సిఫెన్‌కు బదులు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవారికి ఈ ఎంజైమ్ గొడవ లేదు. సైకియాట్రిస్టుకు క్యాన్సర్ మందుల జాబితా, క్యాన్సర్ డాక్టరుకు మనసు మందుల జాబితా చూపించే బాధ్యత ఆచరణలో రోగి మీదే పడుతుంది. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఉన్నా సరే, చూపించండి.

ఇక ఆల్ప్రాజోలామ్, క్లోనాజిపామ్. అరగంట, గంటలో భయాన్ని దించేస్తాయి కాబట్టి అందరికీ నచ్చుతాయి. ఎంఆర్ఐ గొట్టంలోకి వెళ్లాలంటే ఊపిరాడనివారికి ఆ రోజుకు ఒకటి, చాలా తీవ్రమైన దశలో రెండు మూడు వారాలు అంటే సబబే. నెలల తరబడి అయితే అలవాటుపడతారు, మోతాదు పెరుగుతుంది, మరపు వస్తుంది, వయసు మళ్లినవారు రాత్రి లేచి పడిపోతారు. ట్రమడాల్, మార్ఫిన్ వంటి నొప్పి మందులతో గాని, మద్యంతో గాని కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఇది చదివి ఈ రాత్రే ఆపేయకూడదు. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మందుల షాపులో తెలిసినవాడు ఉన్నాడని చీటీ లేకుండా తెచ్చుకోవడం ఈ మందుల్లో అన్నిటికంటే చెడ్డ అలవాటు.

అశ్వగంధ సంగతి కూడా చాలామంది అడుగుతారు. మూలికే కదా అని ఊరుకోకండి. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు, కాలేయానికి దెబ్బ తగిలిన సందర్భాలూ నమోదయ్యాయి. వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

యోగా, నడక, ధ్యానం

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు కాని, వేర్వేరు.

నడకకు ఆధారం గట్టిగా ఉంది. క్యాన్సర్ చికిత్స పొందినవారికి వ్యాయామం గురించి అంతర్జాతీయ నిపుణులు 2019లో ప్రచురించిన సిఫార్సుల ప్రకారం, కాస్త ఊపిరి వేగం పెరిగేలా రోజుకు అరగంట చొప్పున వారానికి మూడుసార్లు, కనీసం పన్నెండు వారాలు చేస్తే ఆందోళన తగ్గుతుంది. ఖర్చు లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. చేతకాదనుకునేవారు పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. స్వల్ప స్థాయి భయానికి ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే నేను నడకనే ఎంచుకుంటాను.

ధ్యానంలో ఎక్కువగా పరీక్షించినది మైండ్‌ఫుల్‌నెస్. ఎనిమిది వారాల శిక్షణగా 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన పద్ధతి దీనికి మూలం. క్యాన్సర్ రోగుల ఆందోళనకు ఏ అనుబంధ పద్ధతులు పనికొస్తాయో 2023లో రెండు అమెరికన్ వైద్య సంఘాలు కలిసి చెప్పినప్పుడు, చికిత్స సాగేటప్పుడూ ముగిశాకా ఇదే ముందు వరుసలో నిలిచింది. యోగా ఆ తర్వాతి స్థానంలో ఉంది. రొమ్ము క్యాన్సర్ వారికి యోగా మేలు చేస్తుందనడానికి బెంగళూరులోని వివేకానంద యోగ అనుసంధాన సంస్థ పరిశోధనలు కూడా తోడ్పడ్డాయి.

అయితే ఏ యోగా అన్నది ముఖ్యం. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన శ్వాసలు ఉన్నట్టుండి దడ వచ్చేవారికి ఆ దడనే రప్పించగలవు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి వదిలే నెమ్మది శ్వాస వారికి మేలు. చంకలో గ్రంథులు తీసినవారు ఆ చేతి మీద బరువంతా మోపే ఆసనాలకు తొందరపడకూడదు, మెల్లగా పెంచుకోవాలి. లెట్రోజోల్ వల్ల ఎముకలు పలచబడ్డవారు బలవంతంగా ముందుకు వంగడం, మెలితిరగడం మానాలి. టీవీ చూస్తూ చేసేకంటే మొదట్లో గురువు ఎదుట చేయడం మంచిదనేది ఇందుకే. పదిరోజుల మౌన విపశ్యన శిబిరం గొప్పదే కావచ్చు. భయం తీవ్రంగా ఉన్న మనిషి దానితో మొదలుపెట్టడం మాత్రం నాకు మంచి ఎంపిక అనిపించదు. పది రోజులు ఆ ఆలోచనలతోనే ఒంటరిగా కూర్చోవాల్సి వస్తుంది.

తోటివారు, ఇంటివారు

అదే జబ్బు దాటినవారితో మాట్లాడితే కలిగే ధైర్యం డాక్టరు మాటలతో రాదు. పదేళ్ల క్రితం చికిత్స పొందిన మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే, అది కంటికి కనబడే సాక్ష్యం. కానీ బృందం ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. నడిపించేవారు ఎవరో ఒకరు ఉండాలి. జబ్బు ఒకటే అయితే మేలు, దశ కూడా దగ్గరగా ఉంటే ఇంకా మేలు. నాలుగో దశలో ఉన్నవారి కష్టాలు రోజూ వింటే మొదటి దశ మనిషికి భయం రెట్టింపు అవుతుంది. నాలుగో దశ వారికీ ఈ గుంపులో చెప్పుకునే చోటు ఉండదు. ఎవరూ అదుపు చేయని వాట్సాప్ గుంపుల్లో గోమూత్రం, లక్ష్మణఫలం ఆకుల కషాయం సందేశాల మధ్య మరణవార్తలు వస్తుంటాయి. రాత్రి పదకొండింటికి అలాంటిది చూసి ఎవరికి నిద్ర పడుతుంది? నలుగురిలో నోరు విప్పలేనివారికి, ఒంటరిగా చెప్పుకోవలసిన దాంపత్య సమస్యలున్నవారికి బృందం కంటే విడిగా కౌన్సెలింగే నయం.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. “పాజిటివ్‌గా ఉండాలి, భయపడితే మళ్లీ వస్తుంది” అనకండి. భయపడడం వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందని రుజువు లేదు. ఆ మాట విన్న మనిషి జబ్బుకు తోడు తన భయానికి కూడా భయపడడం మొదలుపెడుతుంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు రోజూ రాత్రి ఫోన్ చేసి “రిపోర్టు వచ్చిందా, వచ్చిందా” అని అడిగేకంటే, రిపోర్టు వచ్చే రోజు ఎవరు ఎవరికి చెప్పాలో ముందే అనుకుంటే తల్లికి సగం బరువు దిగుతుంది. పూజా, ప్రార్థనా, నమాజూ నెమ్మదినిచ్చేవారికి ఇస్తాయి. వాటిని చికిత్సకు పోటీగా నిలబెట్టినప్పుడే చిక్కు.

ఎక్కడ, ఎంతలో

డబ్బు లేదన్న కారణంతో ఆగిపోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వినడానికి, తక్షణం కుదుటపరచడానికి, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి బాగా పనికొస్తుంది. వారం వారం ఒకే మనిషితో సాగాల్సిన చికిత్సకు అది పూర్తి బదులు కాదు.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ పేరెత్తితే మనవాళ్లకు ఇప్పటికీ ఎగతాళే. ఆ మొహమాటం ఉన్నవారికి జనరల్ ఆసుపత్రి ఓపీలో ఎవరు ఎందుకొచ్చారో ఎవరికీ పట్టదు. క్యాన్సర్ ఆసుపత్రిలోనే పాలియేటివ్ కేర్ విభాగం ఉందేమో కనుక్కోండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంది. పాలియేటివ్ అంటే చివరి రోజులకే అన్న అపోహతో చాలామంది ఆ గుమ్మం తొక్కరు. నొప్పీ నిద్రా భయమూ చూసే విభాగం అది.

ప్రైవేటులో వెళ్లేవారు క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగాలి. కౌన్సెలర్ అన్న బోర్డు ఉన్నంత మాత్రాన తగిన చదువు ఉన్నట్టు కాదు. బీమా ఉన్నవారికి, 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. కాని చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి కాబట్టి, వారం వారం కౌన్సెలింగ్ ఖర్చు చేతి నుంచే పెట్టుకోవాల్సి రావచ్చు. ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువారు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు డాక్టరు చీటీ లేకుండా నేరుగా నమోదు చేసుకోవచ్చు.

ఇక ఎంపిక

స్కాన్ వేళకే వచ్చే భయానికి నడక, నెమ్మది శ్వాస, రిపోర్టు వీలైనంత త్వరగా చేతికొచ్చేలా పరీక్షకూ డాక్టరు అపాయింట్‌మెంటుకూ మధ్య రోజులు తగ్గించుకోవడం చాలు. సోమవారం స్కాన్, శుక్రవారం డాక్టరు అయితే ఆ నాలుగు రోజులూ వృథాగా నలిగిపోతారు. అడిగితే చాలా చోట్ల సర్దుతారు.

రోజంతా సాగే చింతకు, తడిమి చూసుకునే అలవాటుకు సీబీటీ మొదటి ఎంపిక. సైకాలజిస్టు దూరమైతే మొదటిసారి ముఖాముఖి, తర్వాత వీడియోలో. అదీ కుదరకపోతే మందు, దానితో పాటు నడక. ఉన్నట్టుండి దడ వచ్చేవారు గుండె, థైరాయిడ్ చూపించుకున్నాక సీబీటీకో మందుకో వెళ్లాలి. జేబులో ఆల్ప్రాజోలామ్ పెట్టుకుని తిరగడం వీరికి పరిష్కారంలా అనిపిస్తుంది, మాత్ర లేనిదే గడప దాటలేని స్థితికి తెస్తుంది. ఆసుపత్రికే వెళ్లకుండా తప్పించుకునేవారికి యోగా, ధ్యానం సలహా ఇచ్చి ఊరుకోకూడదు. ఎవరో ఒకరు తోడు వెళ్లి ఫాలోఅప్ తేదీ నిలబెట్టాలి, సైకాలజిస్టు ఆ తర్వాత. జీఏడీ-7లో పదిహేను లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవారు, నిద్రా తిండీ పోయినవారు సైకియాట్రిస్టు దగ్గర మొదలుపెట్టాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే పోలికలూ ఎంపికలూ పక్కన పెట్టి, మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దారిలోనే 14416కు ఫోన్ చేయవచ్చు.

ఏది ఎంచుకున్నా ఆరు నుంచి ఎనిమిది వారాలు దానికి సమయం ఇచ్చి, మళ్లీ ఆ ఏడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. మార్కులు కదలకపోతే ఆ కాగితాన్నే డాక్టరు ముందు పెట్టి, మోతాదు మార్చాలా, దారి మార్చాలా అని అడగండి.